కోడలు అడిగిన స్టేకు... మన ఇనప పెనం మీద!

స్టేకు అనే మాట మనలో చాలామందికి హోటలు మెనూ కార్డులో కనిపించేదే గానీ మన వంటింట్లో వినిపించేది కాదు. పిల్లలు ఉద్యోగాలకని అమెరికా వెళ్తారు, నాలుగేళ్ళుండి వస్తారు, వస్తూ వస్తూ నాలుక మీద ఇలాంటి రుచులు మోసుకొస్తారు. మనమేమో గోంగూర మాంసం వండి ఎదురుచూస్తుంటాం! మీ ఇంట్లోనూ ఇదే వరసైతే ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చదవండి. గోంగూర మాంసాన్ని వదిలెయ్యమని చెప్పను లెండి, భయపడకండి.

ఇంతకీ స్టేకు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మాంసాన్ని మందపాటి బిళ్ళలా అడ్డంగా కోసి, బాగా కాలిన పెనం మీదో నిప్పుల మీదో వేసి, కొద్ది నిమిషాల్లో దించెయ్యడం. నీళ్ళు పొయ్యరు, పులుసు ఉండదు, కుక్కరు కూత ఉండదు. అక్కడ దాన్ని ఎక్కువగా ఎద్దుమాంసంతో చేస్తారు. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును కొయ్యడం నిషేధం కాబట్టి ఇక్కడ హోటళ్ళలో బీఫ్ స్టేకు అని రాస్తే అది చాలావరకు దున్నమాంసమే. అది తినేవాళ్ళూ మనవాళ్ళే, తిననివాళ్ళూ మనవాళ్ళే. ఎవరి ఇంటి ఆనవాయితీ వాళ్ళది. మా ఇంట్లో తినరు గనుక నేను చెప్పేదంతా వేటమాంసం సంగతి, అదే, ఇక్కడందరూ మటన్ అనేది.

మేముండేది కొండాపూర్‌లో. అబ్బాయీ కోడలూ ఇద్దరూ హైటెక్ సిటీలోనే పనిచేస్తారు. వాడి పని అమెరికావాళ్ళ గడియారం ప్రకారం నడుస్తుంది. అమ్మాయి పని మన గడియారంతోనే. వారంలో ఇద్దరూ కలిసి కంచం ముందు కూర్చునేది శని, ఆదివారాలే. ఈ మధ్యన అమ్మాయికి నెల తప్పింది. సంతోషమే. కానీ వేవిళ్ళు చూడాలి! మూడు నెలలపాటు అన్నం వాసన పడలేదు, పోపు వేస్తే బాల్కనీలోకి పరుగు, చివరికి మంచినీళ్ళు కూడా ఇమడలేదు. మూడు కిలోలు తగ్గింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భిణికి 11కి తగ్గితే రక్తహీనత కింద లెక్క. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మందికి, ఇదే బాధ అని 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నలుగురితో పాటు నారాయణా అని ఊరుకోగలమా మరి?

అలాంటి రోజుల్లో ఓ సాయంత్రం నా పక్కన సోఫాలో వాలి, "అత్తయ్యా, డల్లాస్‌లో ఉండగా శుక్రవారం శుక్రవారం స్టేకు తినేవాళ్ళం. ఇవాళెందుకో పొద్దుట్నించీ అదే గుర్తొస్తోంది" అంది. మూడు నెలల తర్వాత ఆ పిల్ల తనంతట తాను నోరు తెరిచి అడిగిన మొదటి పదార్థం అది. చింతకాయా కాదు, మామిడికాయా కాదు, స్టేకు! కాలం మారింది, కోరికలు మారవా?

అబ్బాయి వెంటనే ఓ పెద్ద హోటలుకి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద అలాంటి హోటళ్ళకేం లోటు? లోపల ఎరుపు లేకుండా పూర్తిగా కాల్చి తెమ్మంటే మొదటిసారి నడిమధ్యన గులాబీరంగులో తెచ్చారట. తిప్పి పంపిస్తే రెండోసారి చెప్పుతోలులా తెచ్చారట. పిల్ల రెండు బంగాళాదుంప ముక్కలు తిని ఇంటికొచ్చింది. బిల్లు ఎంతయిందో వాడు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడో ముఖ్యమైన మాట చెప్పాలి. స్టేకు తినేవాళ్ళు చాలామంది 'మీడియం రేర్' అంటారు. అంటే పైన కాలి, లోపల ఇంకా ఎర్రగా ఉండడం. అలా ఉంటేనే మెత్తగా, రసంగా ఉంటుందని వాళ్ళ మాట. అది అబద్ధమూ కాదు. మావారు మాత్రం "ఛ, నెత్తురు కారుతుంటే ఎలా తింటార్రా!" అని ముఖం చిట్లించారు. నిజానికి కారేది నెత్తురు కాదు. కండలో మయోగ్లోబిన్ అని ఎర్రటి పదార్థం ఒకటుంటుంది, నీళ్ళతో కలిసి అది బయటికొస్తుంది, అంతే. అయితే సమస్య నెత్తురు కాదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. సరిగా ఉడకని మాంసంలో, మేకా గొర్రె మాంసంలో కూడా, అది ఉండొచ్చు. మామూలు మనిషికి వస్తే జలుబో జ్వరమో అనుకుని వదిలేస్తాం. కడుపుతో ఉన్నవాళ్ళకి కొత్తగా సోకితే మాత్రం బిడ్డకి చేరి కళ్ళనీ మెదడునీ దెబ్బతియ్యగలదు. అందుకే డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది... మాంసం తినొచ్చు, తినాలి కూడా, కానీ ఎర్రగా ఉన్నది ముట్టొద్దని. కడగని ఆకుకూరలతోనూ, పిల్లి మలం పడిన మట్టితోనూ కూడా ఇది వస్తుందిట. పెంపుడు పిల్లులున్నవాళ్ళు గుర్తుంచుకోండి.

"పూర్తిగా కాలిస్తే అది స్టేకెలా అవుతుంది అత్తయ్యా, రబ్బరు ముక్క అవుతుంది గానీ" అని మా అమ్మాయి నిట్టూర్చింది. ఆమె అన్నదాంట్లో నిజముంది. మనం మాంసం మెత్తబడాలంటే ఏం చేస్తాం? నీళ్ళు పోసి కుక్కర్లో పెడతాం. ఎముక చుట్టూ, కీళ్ళ దగ్గరా ఉండే గట్టి నరాలూ పొరలూ చాలాసేపు తడిగా ఉడికితేనే కరిగి జిగురవుతాయి. మన పులుసుకి ఆ చిక్కదనం అక్కణ్ణుంచే. అదే ముక్కని పొడి పెనం మీద అయిదు నిమిషాలు వేస్తే పొర కరిగేంత సమయం ఉండదు, ఉన్న నీరు ఇంకిపోతుంది. ముక్క బిగుసుకోక ఏం చేస్తుంది?

ఈ చిక్కు విప్పింది మా పై అంతస్తులో ఉండే ఆపా. షాలిబండలో పుట్టి పెరిగి, కొడుకు ఉద్యోగం కోసం మాలాగే ఇటు వచ్చిన పెద్దామె. నేను చెప్పిందంతా విని నవ్వింది. "మెత్తగా ఉండాలి, పూర్తిగా కాలాలి, పులుసుండకూడదు. ఇదేగా మీకు కావలసింది? మా పత్థర్ కా గోష్త్ అదే కదమ్మా! దాన్ని డల్లాస్‌లో వెతుక్కోవడమెందుకు?"

చూశారా! మన హైదరాబాదు స్టేకు మన పక్కనే ఉంది. పత్థర్ కా గోష్త్ అంటే రాతి మీద కాల్చిన మాంసం. ఎముకలేని మటన్ని పలచటి బిళ్ళలుగా కోసి, రాయితో చితక్కొట్టి, మసాలా పట్టించి, కింద బొగ్గులు రాజేసిన మందపాటి గ్రానైటు పలక మీద కాలుస్తారు. రంజాను నెలలో సాయంత్రం వేళ పాతబస్తీ వీధుల్లో ఆ పలకలు బుసలు కొడుతూ కనిపిస్తాయి. దీన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో ముడిపెట్టి ఒక కథ చెబుతారు. 1869 నుంచి 1911 వరకు గద్దె మీదున్న ఆయనకి వేటంటే ప్రాణం. ఒకసారి అడవిలో కబాబులు కావాలంటే వంటవాళ్ళు ఇనప చువ్వలు తేవడం మర్చిపోయారట. భయంతో ఓ బండరాయిని కాల్చి మాంసం దాని మీద వేశారట. నవాబుగారు లొట్టలేసుకుని తిన్నారట. కథ ఎంతవరకు నిజమో గానీ, అందులో నవాబు పేరుంది, వంటవాడి పేరు లేదు. ఎప్పుడూ ఇంతే కదండీ!

రాయి అన్నాక మా ప్రాంతం గురించి ఓ మాట చెప్పకుండా ఉండలేను. మేము 1999లో మాదాపూర్‌లో అద్దెకి దిగాం. సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించి ఏడాది కూడా కాలేదు. చుట్టూ ఎటు చూసినా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రటి బండలు. పునాదుల కోసం వాటిని పేలుస్తుంటే మా వంటింటి అరలో గ్లాసులు గలగలలాడేవి. ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని శాస్త్రజ్ఞుల లెక్క. అంత పాత రాయిని కొట్టి నిన్నగాక మొన్న వచ్చిన కంప్యూటర్లకి ఇళ్ళు కట్టాం! ఇప్పుడు దుర్గం చెరువు ఒడ్డునా, అక్కడక్కడ కొన్ని గుట్టల మీదా మాత్రం మిగిలాయి. ఆపా చెప్పే రాయి, మా కాళ్ళ కింద రాయి ఒకటే జాతి.

అలాగని మీరు వెంటనే మేస్త్రీ దగ్గర మిగిలిపోయిన గ్రానైటు ముక్క తెచ్చి స్టవ్వు మీద పెట్టకండి సుమా! వంటగట్టుకి వేసే నున్నటి గ్రానైటుకి పైన రసాయనాల పూత ఉంటుంది. చెరువు ఒడ్డు రాయైతే లోపల తడి ఉంటుంది, వేడికి ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగరొచ్చు. మనకి ఆ సాహసాలెందుకు? రాయి చేసే పనల్లా వేడిని దండిగా దాచుకుని, చల్లటి మాంసం పడ్డా చల్లారకుండా ఉండడం. మన పాత ఇనప దోసె పెనం ఆ పని చక్కగా చేస్తుంది. బరువుగా, మందంగా ఉండాలి, అంతే. నాన్‌స్టిక్ మాత్రం వద్దే వద్దు. ఖాళీ నాన్‌స్టిక్ పెనం 260 డిగ్రీలు దాటితే దాని పూత చెడి పొగలొస్తాయి. కడుపుతో ఉన్న మనిషున్న ఇంట్లో ఆ పొగ ఎందుకు?

ఇక అసలు పని మటన్ కొట్టు దగ్గర మొదలవుతుంది. ఊరికే "అరకిలో బోన్‌లెస్ ఇవ్వండి" అంటే కూరముక్కలు కొట్టిస్తాడు. "రాన్‌లోంచి పసందే కోసివ్వు భాయ్" అనండి. రాన్ అంటే తొడ. పసందే అంటే వెడల్పాటి పలచని బిళ్ళలు. ఆ మాటతో సగం కష్టం తీరుతుంది. పోగు ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కోస్తాడు, అప్పుడు పంటికింద పోగులు పొడుగ్గా తగలవు. లేత మాంసమైతే మరీ మంచిది. మన తెలంగాణకి గొర్రెలకేం కరువు లేదు. 2019 పశుగణనలో కోటీ తొంభై లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం మనదే. అయినా ధర మాత్రం కొండెక్కే కూర్చుంది, అది వేరే సంగతి!

మనవాళ్ళు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మనం ఆదివారం పొద్దున కోసిన మాంసం పదకొండింటికల్లా పొయ్యి మీద పెడతాం. తాజాగా ఉంటేనే మంచిదని మన నమ్మకం. పులుసుకైతే సరే. కానీ కోసిన కొన్ని గంటలకి కండరాలు బిగుసుకుంటాయి, మళ్ళీ వదులయ్యేందుకు సమయం పడుతుంది. అందుకే స్టేకు దేశాల్లో ఎద్దుమాంసాన్ని చల్లటి గదుల్లో వారాలకి వారాలు వేలాడదీస్తారు. మనకి అంతొద్దు. శనివారం పొద్దున తెచ్చి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో అడుగు అరలో ఒక్క రోజు ఉంచితే చాలు. ఫ్రిజ్ 4 డిగ్రీలకి మించకూడదు. పైన పెడితే రసం కారి కింద కూరల మీద పడుతుంది, అందుకే అడుగున అంటున్నాను. కడిగే అలవాటుంటే కడగండి, కానీ సింకు చుట్టూ చిందిన చోటంతా సబ్బూ వేడినీళ్ళతో తుడవడం మర్చిపోవద్దు.

బిళ్ళల్ని శుభ్రమైన ప్లాస్టిక్ కవరు మధ్య పెట్టి, చపాతీ కర్రతోనో రోకలి చివరతోనో మెల్లగా కొట్టాలి. కోపంగా కాదు, మెల్లగా! అర సెంటీమీటరు మందానికి రావాలి. గట్టి పోగులు ఇక్కడే తెగిపోతాయి. పలచగా ఉంటే లోపలికంటా వేడి వెళ్ళడానికి రెండు నిమిషాలు చాలు, ఎండిపోయే వ్యవధి ఉండదు. పూర్తిగా కాలాలి, మెత్తగానూ ఉండాలి అన్న చిక్కు విడిపోయేది ఇక్కడేనన్నమాట.

తర్వాత మసాలా. పాతబస్తీలో దీనికి పచ్చి బొప్పాయి తప్పనిసరి. దాని పాలల్లో ఉండే పపైన్ మాంసాన్ని అరిగించినట్టే మెత్తబరుస్తుంది. అరకిలోకి తొక్కతో సహా నూరిన ముద్ద ఒక పెద్ద చెంచా, రెండు గంటలు... అంతకన్నా ఉంచితే ముక్క పిండిలా అయిపోతుంది. కానీ మా ఇంట్లో ఈ మాట వినగానే మా వదినగారు ఫోన్లోనే కేకేశారు, "కడుపుతో ఉన్న పిల్లకి బొప్పాయా!" అని. పెద్దవాళ్ళ మాటలన్నీ చాదస్తమని తీసెయ్యలేం. పచ్చి బొప్పాయి పాలు ఎలుకల గర్భసంచిని బిగుసుకునేట్టు చేశాయని 2002లో ఒక పరిశోధన కూడా వచ్చింది. మాంసంలో వేసే చెంచాడు ముద్ద, అదీ కాల్చాక, ఏం చేస్తుందిలే అనొచ్చు. కానీ వేరే దారి ఉండగా అనుమానం దేనికి? ఆపాయే చెప్పింది, బొప్పాయి బదులు అల్లం ఎక్కువ వెయ్యమని. అల్లంలోనూ మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది. పైగా వికారానికి మంచిది. అరకిలోకి రెండు చెంచాల అల్లం ముద్ద, ఒక చెంచా వెల్లుల్లి, నాలుగు పచ్చిమిర్చి నూరినవి, దంచిన మిరియాలు ఒక చెంచా, షాజీరా అర చెంచా, చిటికెడు రాతిపువ్వు పొడి, ఉప్పు. రాతిపువ్వు కూడా రాళ్ళ మీద పెరిగేదే, విచిత్రం కదా! పెరుగు వెయ్యకండి, నీరూరి పెనం మీద ఉడుకుతుంది గానీ కాలదు. నిమ్మరసం చివర్లో. ఇలా పట్టించి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి.

కాల్చే ముందు ముక్కకి అంటిన ముద్దనంతా చేత్తో తుడిచి, పొడి గుడ్డతోనో టిష్యూ కాగితంతోనో ఒత్తి తడి తియ్యాలి. ఇంత కష్టపడి మసాలా పట్టించి తుడిచెయ్యడమేమిటి అంటారా? తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, ముక్క తెల్లబోయి ఉడుకుతుంది. తడి లేకపోతే వెంటనే గోధుమరంగు వస్తుంది. అట్టు అంచుకీ, వేపుడు ముక్కకీ, కాల్చిన రొట్టెకీ ఆ కమ్మటి వాసన ఎలా వస్తుందో దీనికీ అలాగే. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మార్పు గుట్టు చెప్పాడు గానీ, మన అమ్మమ్మలు అంచు ఎర్రబడేదాకా అట్టు తియ్యనిచ్చేవారా? అన్నట్టు, పైన కాలితే రసం లోపల బంధించబడుతుందని చాలా వంట పుస్తకాల్లో రాస్తారు. 1847లో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన మాట అది, తర్వాత తప్పని తేలింది. పెనం మీద ఆ చుయ్‌మనే చప్పుడు రసం బయటికొస్తున్న చప్పుడే కదా! కాల్చేది రుచి కోసం, రసం కోసం కాదు.

పెనాన్ని పెద్ద మంట మీద అయిదు నిమిషాలు కాల్చండి. నీటిచుక్క వేస్తే అంటుకోకుండా ముత్యంలా గింగిరాలు తిరగాలి. చిమ్నీ వేసి, కిటికీ తీసి పెట్టుకోండి, అపార్టుమెంటంతా తెలిసిపోతుందని మొహమాటపడకండి. వేరుశనగ నూనె పెనానికి కాదు, ముక్కకి రాయాలి. ఒకేసారి మూడు ముక్కలకి మించి వెయ్యొద్దు, పెనం చల్లారుతుంది. వేశాక కదిలించకూడదు. ఒకటిన్నర నిమిషం ఆగి తిప్పండి, తనంతట తాను పెనాన్ని వదులుతుంది. రెండోవైపూ అంతే. తీసి ప్లేటులో పెట్టి, పైన అర చెంచా నెయ్యి వేసి, మూడు నిమిషాలు మూతపెట్టి వదిలెయ్యండి. మన పిల్లలకి ఆగే ఓపిక ఉండదు గానీ, అప్పుడే కోస్తే రసమంతా ప్లేటులోకి పోతుంది.

కాలిందో లేదో కంటితో చెప్పడం కష్టం. కొన్ని వందల రూపాయలకి గుచ్చి చూసే థర్మామీటరు దొరుకుతుంది, నేను కొన్నాను. అమెరికా వ్యవసాయశాఖవారు కొట్టని, గుచ్చని ముక్క లోపల 63 డిగ్రీల సెంటిగ్రేడు చేరి మూడు నిమిషాలు ఆగితే చాలంటారు, ఖీమాకైతే 71. క్రిములుండేది ముక్క పైభాగాన కాబట్టి ఈ తేడా. మనం కొట్టి పలచన చేసినప్పుడు పైనున్నవి లోపలికి పోవచ్చు. అందుకని ఖీమా లెక్కే మన లెక్క, 71 దాటాల్సిందే. ఇంత పలచటి బిళ్ళకి సూదిని పైనుంచి కాకుండా పక్కనుంచి గుచ్చాలి. మధ్యలో ఒకటి కోసి కూడా చూడండి, ఎరుపు కనిపించకూడదు.

అబ్బాయికి మందపాటి ముక్క కావాలంటే చాంపులు తెప్పించి, కొట్టకుండా, ఒకటిన్నర సెంటీమీటరు మందాన అదే పెనం మీద కాల్చి 63 దగ్గర దించాను. వాడి రుచి వాడిది. ఇద్దరి ముక్కలకీ రెండు ప్లేట్లు, రెండు పట్టకార్లు. పచ్చి మాంసం తాకిన కత్తి, పలక మళ్ళీ కాల్చినదాని జోలికి రాకూడదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సంగతి చెప్పాలి. నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ చక్రాలు పేర్చి, ఉడికించిన బంగాళాదుంపని వెన్నతో మెదిపి పెట్టాను. మా అమ్మాయి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. నాకు గుండె దడ. తర్వాత "ఇది డల్లాస్‌ది కాదత్తయ్యా" అంది. నేనింకా ముఖం మార్చుకోబోతుంటే ప్లేటు ముందుకి జరిపి "ఇంకో రెండు వెయ్యండి" అంది. నాలుగు తింది. తిన్నది ఇమిడింది. మూడు నెలల తర్వాత ఆ పిల్ల కంచం ఖాళీగా చూశాను. వాడు ఏమీ అనలేదు, లేచి వెళ్ళి ఆమె గ్లాసులో నీళ్ళు పోశాడు. మావారు మాత్రం రెండు బిళ్ళలు తీసుకుని పప్పుచారు అన్నంలో నంజుకుంటూ "దీన్ని స్టేకు అంటారా? బాగానే ఉందే" అన్నారు.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఇది తింటే రక్తం పట్టేస్తుందని నేననడం లేదు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోదానికన్నా సులువుగా ఒంటబడుతుంది, నిజమే. కానీ 9.4ని పైకి తెచ్చేది డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలే. తర్వాతి పరీక్షలో 10.2 వచ్చింది. దాని గొప్ప మాత్రలకే ఇస్తాను. తిండి నిలవకపోతే మాత్రలు కూడా నిలవలేదు కదా, అంతవరకు నా పెనానికీ కాస్త వాటా ఉందనుకుంటాను. భోజనం అయ్యీ కాకముందే టీ తాగకండి, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గంటో గంటన్నరో ఆగండి. చుట్టాలంతా కార్జం పెట్టమని సలహా ఇచ్చారు. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ, మొదటి నెలల్లో అది అతిగా పోవడం మంచిది కాదని డాక్టరమ్మే వద్దంది.

మిగిలితే, మిగిలితేనే లెండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు సన్నగా చీల్చి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసంతో కలిపి, పొగలు వచ్చేదాకా వేడిచేసి చపాతీలో చుట్టివ్వండి. ఆఫీసు డబ్బాకి బాగుంటుంది.

పెనం సంగతొకటి. వేడి మీద ఉండగానే కల్లుప్పు చల్లి గుడ్డతో రుద్దితే అంటినదంతా ఊడివస్తుంది, తర్వాత కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క రాసి ఉంచాలి. మావారు శనివారాలు నీచు ముట్టరు, ఆ పెనం మీద వేసిన దోసె కూడా తినరు. అందుకని బేగంబజారు వెళ్ళి ఇంకో ఇనప పెనం తెచ్చుకున్నాను. పాతది దోసెలకి, కొత్తది స్టేకుకి. రెంటికీ పిడికి వేరు వేరు రంగు దారాలు కట్టాను, పనిమనిషి కలిపెయ్యకుండా.